పదిమంది దిద్దిన పుట

పట్టుచీర మీద నూనెబొట్టు పడినది. కుక్కరు కూత వేయక ఆవిరి యంతయు మూతచుట్టు పోవుచున్నది. పసిబిడ్డకు తొలిసారి తలంటి నీళ్లు పోయవలెను, ఇంట పెద్దవా రెవ్వరును లేరు. ఇట్టి వేళల మన తల్లులు ప్రక్కయింటి వాకిటికి పోయి, “వదినా! దీనికేమి చేయుదును?” అని యడిగెడివారు. నేటి గృహిణి సెల్‌ఫోను చేతబట్టి ఆ ప్రశ్ననే వేయుచున్నది. క్షణములో సమాధానము వచ్చుచున్నది. ప్రక్కయింటి వదినగారి సంగతి మనకు తెలియును. ఆమె చేతివంట యెట్టిదో, ఆమె మాట యెంతవరకు నమ్మదగినదో యెఱుగుదుము. ఫోనులోని సమాధానమును వ్రాసిన దెవరు? దాని తప్పొప్పులు చూచిన దెవరు? ఈ ప్రశ్న వేయువారు తక్కువ. ఇట్టి సమాధానముల నందించు స్థలములలో మిక్కిలి పేరుపొందిన ‘వికీహౌ’ అను వెబ్‌సైటు పనిచేయు విధమును సోదరీమణులకు తెలుప నుద్దేశించితిమి.

మొదట ఆ పేరు సంగతి. ‘వికీ’ యనునది హవాయి దీవుల భాషలోని మాట. త్వరగా నని అర్థము. హోనలులు విమానాశ్రయములో ప్రయాణికులను చేరవేయు బస్సులకు ‘వికీ వికీ’ యని పేరుండెడిది. వార్డ్ కన్నింగ్‌హామ్ అను అమెరికా కంప్యూటరు నిపుణుడు 1995లో ఒక వెబ్‌సైటును నిర్మించి, ఆ బస్సును తలచుకొని దానికి వికీ యని పేరిడెను. చదువుచున్నవారే, చదువుచున్న చోటనే, పుటను దిద్దగలుగుట అందలి విశేషము. ఈ పద్ధతి మీదనే 2001 జనవరి 15వ తేదీన వికీపీడియా యను విజ్ఞానసర్వస్వము వెలసెను.

ఇక మన కథ. జాక్ హెరిక్ అను నాయన 2004లో తన మిత్రునితో గలసి ‘ఈహౌ’ అను వెబ్‌సైటును కొనెను. ఏ పని యెట్లు చేయవలెనో చెప్పు వ్యాసములు అందుండెడివి. కూలి యిచ్చి వ్రాయించు పద్ధతిచే లోకములోని పనులన్నిటికి మంచి వ్యాసములు సమకూరవని ఆయనకు తోచెను. వికీపీడియాకు నాలుగేండ్లు నిండిన దినమున, అనగా 2005 జనవరి 15వ తేదీన, ఎవరైనను వ్రాయదగిన, ఎవరైనను దిద్దదగిన వికీహౌను ప్రారంభించెను. 2006లో ఈహౌను అమ్మివేసి దీనినే నమ్ముకొనెను.

పాఠకులు పంపిన సంగతులను కూర్చి గృహవిద్యను బోధించుట క్రొత్త కాదు. ఇంగ్లాండులో ఇసబెల్లా బీటన్ అను నామె తన భర్త నడుపు స్త్రీల మాసపత్రిక కొఱకు పాఠకురాండ్రను వంటల విధానములు పంపుడని కోరెను. వారు పంపినవియు, పూర్వగ్రంథములనుండి ఎత్తి వ్రాసినవియు గలిపి 1861లో గొప్ప గృహనిర్వహణ గ్రంథము నచ్చొత్తించిరి. ఆమె యిరువదియెనిమిదేండ్లకే గతించినది. గ్రంథము మాత్రము తరతరములు ఇంగ్లీషు వంటయిండ్లను ఏలినది. పెద్ద క్యారెట్ దుంపలను గంటన్నరకు మించి ఉడికింపుడని అందు వ్రాసియున్నది. అంతసేపు ఉడికినచో మిగులునదేమో వండెడివారందఱకును తెలియును. కాని అచ్చుపడిన పుటను వంటయింటిలోని యిల్లాలు దిద్దుట యెట్లు? అంచున పెన్సిలుతో గుర్తు పెట్టుకొన్నను ఆ గుర్తు ఆ యింటితోనే సరి. పాఠకురాలి పెన్సిలు గుర్తు పుటలోనికే యెక్కి, మఱునాడు చదువు వారందఱకు అది కనబడుటయే వికీ తెచ్చిన మార్పు.

వికీహౌ పుట కొక కట్టుబాటు గలదు. పేరు ‘ఫలానా పని చేయుట యెట్లు’ అనియే యుండును. ఒక్క పుట కొక్క పనియే. చీర లుతుకుట యంతయు ఒకచోట వ్రాయరు. పట్టుబట్ట మీది నూనెమరకను తీయుట వేఱు, నూలుబట్ట మీది తుప్పుమరకను తీయుట వేఱు. ఒకే పనికి ఇద్దఱు రెండు పేర్లతో రెండు పుటలు మొదలిడినచో వానిని చేర్చి ఒకటి చేయుదురు. పేరు క్రింద చిన్న పరిచయము, పిమ్మట సంఖ్య వేసిన మెట్లు, ఆ తరువాత చిట్కాలు, హెచ్చరికలు, కావలసిన వస్తువులు. ప్రతిమెట్టును ఒక ఆజ్ఞతో మొదలగును. తడుపుము, పిండుము, ఆరవేయుము అన్నట్లు. మెట్టుమెట్టునకు బొమ్మలును గలవు. ఆ బొమ్మలలోని మనుషుల మొగములను చూచి లోకము నవ్వుకొనుటయు గలదు గాని, ఇంగ్లీషు అంతగా రానివారికి ఆ బొమ్మలే దిక్కు.

ఇట్టి పుట పదిమంది చేతులలో ఎట్లు పెరుగునో యొక ఉదాహరణమును ఊహించుకొందము. చేయి కాలినప్పుడు చేయవలసిన పనిని గూర్చి ఒకరు పుట మొదలిడి, వెంటనే వెన్న రాయవలెనని వ్రాసిరనుకొనుడు. మన యిండ్లలోనైనచో ఇంకు పోయుమనియో, టూత్‌పేస్టు పూయుమనియో, దోసెపిండి పట్టువేయుమనియో వ్రాసెడివారే. రెండవవా రొకరు చదివి ఆ మాటను తీసివేసి, ప్రవహించు చల్లని నీటిక్రింద ఇరువది నిమిషములు ఉంచవలెనని వ్రాయుదురు. ఇది వైద్యులు చెప్పు మాట. చల్లని యన్నందున ఎవరైన మంచుగడ్డ పెట్టుదురేమోయని మూడవవారు శంకించి, మంచు పెట్టినచో చర్మమునకు మఱింత హానియని హెచ్చరికలలో చేర్చుదురు. నాలుగవ యామె యొక గృహిణి. వాపు రాకముందే ఉంగరములు గాజులు తీసివేయవలెనని చేర్చును. ఐదవవారు ఆసుపత్రిలో పనిచేయువారు. మొగము కాలినను, పిల్లలకు కాలినను, గాయము అరచేతికన్న పెద్దదైనను ఇంటివైద్యము మాని డాక్టరు వద్దకు పొండని వ్రాయుదురు. ఆఱవవాడు ఆకతాయి. అంతయు తుడిచివేసి బూతుమాట వ్రాసి పోవును.

ఇచ్చటనే చాలమందికి సందేహము కలుగును. అందఱకును కలము నిచ్చినచో పుట బ్రతుకునా యని. దానికి జవాబు ‘చరిత్ర’ యను పుటలో గలదు. ప్రతిపుట వెనుకను దాని చరిత్ర దాగియుండును. ఏ దినమున, ఏ గంటకు, ఎవరు, ఏ మాట తీసి ఏ మాట పెట్టిరో అంతయు అందుండును. క్రొత్తప్రతి, పాతప్రతి ప్రక్కప్రక్కన నిలిపి చూడవచ్చును. మాఱిన మాటలు రంగుతో కనబడును. ఒక్క మీట నొక్కినచో పాతప్రతి మరల వచ్చును. చెఱచువానికి పట్టిన కాలముకన్న బాగుచేయువారికి పట్టు కాలము తక్కువ. గోడమీద బొగ్గుతో వ్రాసినవానికన్న తుడుచువారికే శ్రమ యెక్కువగు మన వీధుల సంగతి తలచుకొన్నచో ఇందలి యుపాయము బోధపడును.

అంతేకాదు, కావలివారు గలరు. ఇటీవల జరిగిన మార్పులన్నియు ఒక జాబితాగా వచ్చుచుండును. జీతము లేని స్వచ్ఛంద సేవకులు ఆ జాబితా ముందు కూర్చుండి, బియ్యములో రాళ్లేరినట్లు ఒక్కొక్క మార్పును చూచి మంచిదైనచో ఉంచుదురు, చెడ్డదైనచో వెనుకకు త్రిప్పుదురు. నమ్మకము సంపాదించిన పాతవారి మార్పులకు ఈ పరీక్ష యుండదు. వారిలో కొందఱు నిర్వాహకులై, పదేపదే చెఱచువారిని వెలివేయుటకును, రచ్చకెక్కిన పుటలకు తాళము వేయుటకును అధికారము పొందుదురు. కొందఱు అక్షరదోషములు మాత్రమే చూచుకొందురు. కొందఱు పాఠకులు పంపిన చిట్కాలను జల్లించుచుందురు. రోజునకు పావుగంట పని చేసి పోవువారును గలరు.

వైద్యము, పిల్లల పెంపకము, విషపదార్థములు మొదలగు విషయములలో ఈ కావలి చాలదు. నలుగురు తప్పునే నమ్మినచో నలుగురును తప్పునే నిలుపుదురు. ఏడాది నిండని పసిబిడ్డకు తేనె నాకించుట మన దేశమున ఎందఱో మంచిదని తలంతురు. ఆ తేనెలో ఉండదగిన యొక సూక్ష్మజీవివలన పసివారి నరములను పడవేయు జబ్బు రావచ్చునని వైద్యులు దానిని కూడదనుచున్నారు. మరుగుదొడ్డి కడుగు ఆసిడ్డును, బ్లీచింగు పౌడరును కలిపినచో తెల్లబడుట మాట యటుంచి, క్లోరిను విషవాయువు లేచి ఊపిరి పట్టివేయును. ఇట్టి సంగతులు ఓట్లు వేసి తేల్చునవి కావు. అందువలన వికీహౌవారు వైద్యులు మొదలగు నిపుణులచే కొన్ని పుటలను పరీక్ష చేయించి, వారి పేరును పుటపై వేయుచున్నారు. మనము చదువునప్పుడు మొదట చూడవలసినది ఆ పేరు. రెండవది హెచ్చరికల భాగము. మెట్లన్నియు చదివి హెచ్చరికలు విడిచిపెట్టుట చాలమందికి అలవాటు. మా యభిప్రాయమున హెచ్చరికలనే ముందు చదువుట మేలు.

తప్పొప్పుల సంగతి యిది. ఇద్దఱు చెప్పినదియు ఒప్పే యైనప్పుడు జరుగునదేమి? ఆవకాయ పుట నొకదానిని ఊహించుకొనుడు. ఆవపిండి, కారము, ఉప్పు సమపాళ్లని ఒకరు వ్రాయుదురు. ఉప్పు కొంచెము తగ్గవలెనని మఱియొకరు దిద్దుదురు. వెల్లుల్లి లేనిదే ఆవకాయ కాదని యొకరు, వెల్లుల్లి పడినచో మా యింట ముట్టుకొనరని యొకరు. తెలంగాణపు వదినగారు అల్లము వెల్లుల్లి ముద్ద చేర్చును. గోదావరి పిన్నిగారు బెల్లపావకాయ మాట యెత్తును. ఎవరి తల్లి చేయి వారికి ప్రమాణము గదా! నీవు వ్రాసినది నేను, నేను వ్రాసినది నీవు తుడుచుకొనుచు కూర్చున్నచో పుటకు ముక్తి లేదు. ఇందుకై ప్రతిపుటకును ఒక చర్చాపుట యుండును. వాదము అచ్చట జరుపవలెను గాని పుటలో జరుపరాదు. వికీహౌలో మఱియొక సదుపాయము గలదు. ఒకే పనికి మొదటి పద్ధతి, రెండవ పద్ధతి, మూడవ పద్ధతి యని విభాగములు చేసి అన్నిటిని ప్రక్కప్రక్కన ఉంచవచ్చును. చదువరి తనకు నచ్చినది చూచుకొనును. ఈ యేర్పాటు మన యుమ్మడి కుటుంబములలో ఉండియుండినచో ఎన్ని వేసవులు శాంతముగా గడచెడివో!

ఖర్చుల మాట. వికీహౌ ధర్మసంస్థ కాదు, హెరిక్‌గారి కంపెనీ. పుటలపై ప్రకటనలు వేసి ఆ యాదాయముతో నడుపుచున్నారు. వ్రాయువారు ఊరక వ్రాయుచుండ కంపెనీ ఆర్జించుట న్యాయమా యని యడుగువారున్నారు, అడుగవలసిన ప్రశ్నయే. దానికి కొంత సమాధానము పుటల అనుమతిపత్రములో గలదు. వ్రాసినవారి పేరు చెప్పి, లాభమునకు గాక, అదే షరతుతో ఎవరైనను ఆ పుటలను ఎత్తి వ్రాసుకొనవచ్చునని అందున్నది. రేపు కంపెనీ దారి తప్పినను, పదిమంది కష్టము దానితో మునిగిపోదు. అయితే వ్రాయువారు ‘నా పుట’ యను మాట మఱచిపోవలెను. పొద్దున మనము ముచ్చటగా వ్రాసిన వాక్యమును సాయంకాలమునకు ఊరు పేరు తెలియనివారు సగము చేయుదురు. ఆ సగమే చదువరికి బాగుగా తెలియును గూడ. ఇది మొదటివారము మనసునకు కష్టముగనే యుండును.

ఇప్పుడు మనకు ముఖ్యమైన సంగతి. వికీహౌలో హిందీ పుటలు గలవు. తెలుగు పుటలు లేవు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టి లక్షణముగా పెరుగుచున్నది గాని, అది విజ్ఞానసర్వస్వము; పనులు చేయు విధానములకు అది తావు కాదని దాని నియమము. అట్టివానికి దాని తోబుట్టువైన వికీబుక్స్ గలదు. అది తెలుగునను ఉన్నది. ఎవరైనను అందు వ్రాయవచ్చును, దిద్దవచ్చును, ప్రకటనలు లేవు. చరిత్ర, చర్చ, వెనుకకు త్రిప్పుట మొదలగు ఏర్పాట్లన్నియు అందును గలవు. వ్రాయువారే తక్కువ.

యూట్యూబులో తెలుగు వంటలు వేలకొలది యున్నవి గదా యని సోదరీమణు లనవచ్చును. నిజమే, కలుపు తీరు, పాకపు తీగ కంటికి కనబడుట అందలి లాభము. కాని వీడియో ఒకరి సొత్తు. రెండవ నిమిషమున చెప్పిన కొలత తప్పని నూఱుగురు క్రింద వ్యాఖ్యలు వ్రాసినను, ఆ నిమిషము అట్లే నిలిచి, రేపు చూచువారికి ఆ తప్పునే చెప్పును.

వికీపీడియాను నడుపు సంస్థ 2011లో విచారింపగా వ్రాసి దిద్దువారిలో స్త్రీలు నూటికి తొమ్మిదిమందియే యని తేలినది. వంట, కుట్టు, పసిబిడ్డల సంరక్షణ, ధాన్యము పురుగుపట్టకుండ నిలువచేయుట మొదలగునవి చేతులతో చేయువారొకరు, పుటలలో వ్రాయువారింకొకరు అగుట దీనివలన కలిగిన చిక్కు. ఇంగ్లీషు పుట చదివి చీర మరకను తీయబోయిన మన పిల్లకు, అందు ఉతుకుయంత్రము మాటయే గాని అద్దకము వెలసిపోవు పట్టుచీర మాట యుండదు. మన యిండ్లలోని యెనుబదియేండ్ల ముత్తవ్వలకు తెలిసినది ఏ పుటలోను లేదు. వారు వ్రాయరు, వ్రాయమన్న నవ్వుదురు. వారు వెడలిన పిమ్మట అడుగుటకు చోటుండదు.

కావున వ్రాయువారు మనుమరాండ్రు కావలెను. ఇందు రెండు చిక్కులు గలవు. ఒకటి భాష. ఇంగ్లీషులో ఆజ్ఞ వాక్యమునకు మొదట వచ్చును గనుక చేయవలసిన పని ముందే తెలిసిపోవును. తెలుగున క్రియ తుదకు వచ్చును. ‘రాత్రి నానబోసి తెల్లవారి వడగట్టి నీడను ఆరిన మినుములను దోరగా...’ యని వాక్యము సాగుచుండగా, వేయింపవలెనో విసరవలెనో తెలియక చదువరి చేయి పొయ్యిమీద ఆగిపోవును. తెలుగున మెట్టునకు ఒక్క క్రియయే ఉంచి, వాక్యమును కుఱుచగా ముగించుట మంచిది.

రెండవ చిక్కు కొలత. అవ్వగారి నడిగినచో “తగినంత” యందురు. గట్టిగా అడిగినచో గిద్దె యనియో సోల యనియో చెప్పుదురు గాని, డల్లాసులో కాపురమున్న మనుమరాలికి సోల యెక్కడిది? అవ్వగారి చేతిని ఆపి కొలుచుట కుదరదు. ఆపిన చేయి తప్పును. దీనికొక సులభమార్గము గలదు. ఉప్పు, కారము, ఆవపిండి, నూనె వేఱువేఱు గిన్నెలలో అవసరమునకు మించియే పోసి, ఒక్కొక్కటి ముందుగా గ్రాములలో తూచి వ్రాసికొని ఆమె ముందుంచవలెను. ఆమెను తన యిష్టమువచ్చినట్లు తీసి కలుపనిచ్చి, అంతయు ముగిసిన పిమ్మట మిగిలినవానిని మరల తూచవలెను. రెంటికి నడిమి భేదమే ఆమె ‘తగినంత’. మామిడిముక్కలను తుడిచి ఆరబెట్టిన పిమ్మట తూచవలెను. తడిముక్కల బరువు లెక్కను చెఱచును. మెంతులు వేపినప్పుడు ఏ రంగునకు దింపినదో ఫోటో తీసికొనవలెను, వెలుతురు కిటికీనుండి పడునట్లు. మూడవనాడు ఆమె జాడీ తెఱచి తిరుగగలుపునప్పుడు మరల ఉప్పు వేసినచో దానిని గూడ తూచి మొదటి లెక్కకు చేర్చి, ఆ యంకెలతోనే పుట మొదలిడవచ్చును.